2029లో ఎక్కడికి పారిపోవాలి?

ప్రశ్న: మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. మా చిన్నమామయ్యగారు కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం చిన్నత్తయ్య పోయింది. అప్పట్నుంచి పొద్దస్తమానం ఫోన్‌తోనే ఉంటున్నారు. 2029 ఏప్రిల్ 13, శుక్రవారం ఓ గ్రహశకలం వచ్చి భూమిని గుద్దుతుందనీ, సముద్రం పొంగి ఊళ్లు కొట్టుకుపోతాయనీ, ఇదంతా బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారనీ వీడియోలు చూపిస్తున్నారు. ఉమ్మడిలో ఉన్న 70 సెంట్లు అమ్మేసి నల్లమల వైపు గుట్ట పక్కన స్థలం కొందామంటున్నారు. ఆ వీడియో కిందే ప్లాట్ల వాళ్ల నంబరు కూడా ఉంది. మావారు సగం ఒప్పేసుకున్నారు. ఐదో తరగతి చదివే మా అబ్బాయి "ఎలాగూ పోతాం కదా, ఎక్కాలెందుకు?" అంటున్నాడు. రాత్రిళ్లు నా చెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోడు. మా అత్తగారు మాత్రం "పైనుంచి పడేది పడనీ, నేను గాలి చూసుకుంటా" అంటారు. ఆవిడ ఉప్పెన చూసిన మనిషి. నవ్వకుండా చెప్పండి, నిజంగా అలాంటిది వస్తే ఎక్కడికి వెళ్లాలి?
ఓ తల్లి, కృష్ణా జిల్లా

సమాధానం:

అమ్మా, నవ్వలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ గ్రహశకలం కోసం, రెండోసారి మీ చిన్నమామయ్యగారి కోసం.

ముందు మీ అబ్బాయికి చెప్పాల్సింది చెప్తాను, ఎందుకంటే ఈ రాత్రి కూడా వాడు నిద్రపోవాలి. అది గుద్దదు. దాని పేరు అపోఫిస్. 2004లో కనిపెట్టారు. ఆ డిసెంబరులో కొద్దిరోజులపాటు, 2029లో అది భూమికి తగిలే అవకాశం నూటికి దాదాపు మూడు వంతులు ఉందని లెక్క వచ్చింది. మీ మామయ్యగారు చూసే వీడియోలు ఆ పాత లెక్క దగ్గరే ఆగిపోయాయి. శాస్త్రవేత్తలు ఆగలేదు. దాన్ని చూస్తూ, కొలుస్తూ వచ్చారు. 2029లో తగలదని కొద్దికాలానికే తేలిపోయింది. 2021లో రాడార్‌తో మళ్లీ కొలిచాక, కనీసం వందేళ్ల దాకా దానివల్ల ఏ భయమూ లేదని నాసా చెప్పింది. అంటే తేదీ నిజం, రావడం నిజం. తగలడం ఒక్కటే అబద్ధం.

మీ ఇంటి మీద టీవీ డిష్ ఉంటే మీ అబ్బాయిని దాని దగ్గరికి తీసుకెళ్లండి. ఆ డిష్‌కి బొమ్మలు పంపే ఉపగ్రహం మనకు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అపోఫిస్ దానికన్నా కాస్త దగ్గరగా, సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లిపోతుంది. మూడు వందల మీటర్లకు పైగా ఉండే బండ అది. అంత పెద్దది అంత దగ్గరగా రావడం చాలా అరుదు, అందుకే ఖగోళ శాస్త్రవేత్తలు ఆ రోజు కోసం పండగకి ఎదురుచూసినట్టు చూస్తున్నారు. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో ఉన్నవాళ్లకి ఏ పరికరం లేకుండానే చుక్కలా కనిపిస్తుందట. మన గడియారం ప్రకారం అది భూమికి మరీ దగ్గరగా వచ్చేది ఏప్రిల్ 14 తెల్లవారుజామున మూడు దాటాక. ఇంకోటి కూడా చెప్పండి. 2022 సెప్టెంబరులో నాసా వాళ్లు డైమార్ఫస్ అనే చిన్న శకలాన్ని ఓ వ్యోమనౌకతో కావాలనే గుద్దించారు. అది తనకన్నా పెద్ద బండ చుట్టూ ఒక చుట్టు తిరగడానికి 11 గంటల 55 నిమిషాలు పట్టేది. ఆ దెబ్బతో 32 నిమిషాలు తగ్గింది. అంత చిన్న మార్పుని అంత దూరం నుంచి పట్టుకున్నారంటే ఎక్కాలు ఎంత గట్టిగా వచ్చి ఉండాలి! ఈ మాట మీ వాడితో తప్పకుండా అనండి. 36లోంచి 32 తీసేస్తే ఎంతో వాడి చేతే చెప్పించండి.

భయాన్ని మాత్రం తప్పు పట్టకండి. నేనూ తొమ్మిదేళ్లప్పుడు అలాగే పడుకున్నాను, మా నాయనమ్మ కొంగు గుప్పిట్లో పట్టుకుని.

అది 1979 జులై. అమెరికా వాళ్లు 1973లో పైకి పంపిన స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం కిందికి జారుతోందని రేడియోలో రోజూ చెప్పేవారు. బరువు 77 టన్నులు. సూర్యుడి మీద అలజడి పెరిగి భూమి చుట్టూ ఉన్న పైపొర గాలి వేడెక్కి ఉబ్బిందనీ, ఆ గాలి ఒరిపిడికే అది అనుకున్న దానికన్నా ముందే కిందికి దిగిపోతోందనీ పెద్దయ్యాక చదువుకున్నాను. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. పల్నాడులో మా ఊరు ఎంత ఉంటుంది, గట్టిగా అరిస్తే ఆ చివర వినపడేంత. అయినా అది సరిగ్గా మా ఊరి మీదే పడుతుందని అందరూ తేల్చేశారు.

ఇక తినడం మొదలుపెట్టారు. ఎలాగూ పోతున్నాం కదా అని కోళ్లు కోశారు, మేకలు కోశారు. దాచుకున్న నెయ్యి బయటికి తీశారు. ఏడాదికోసారి గారెలు వండే ఇళ్లలో వరసగా మూడు రోజులు గారెలు. అప్పుపెట్టని కొట్టాయన కూడా బెల్లం అప్పిచ్చాడు. మా పక్కింటాయన పాలిచ్చే గేదెను సగం ధరకే పొరుగూరి మనిషికి అమ్మేసి, ఆ డబ్బుతో పిల్లలకి కొత్త బట్టలు కుట్టించాడు. మా ఇంట్లో ఒక్క పెట్ట మిగిలింది. అది గుడ్ల మీద పొదుగులో ఉంది. మా బాబాయి దాన్నీ కోద్దామంటే నాయనమ్మ తట్టకి అడ్డంగా కూర్చుంది. "పొదిగే పెట్టను కొయ్యకూడదు. పోతే అన్నీ కలిసే పోతాం, దాన్ని దాని పని చేసుకోనియ్యి" అంది. నాకిప్పటికీ ఆ తట్ట కళ్లముందే ఉంది. పాత వెదురు తట్ట, అడుగున వరిగడ్డి, పైన కళ్లు అరమూసుకుని బొద్దుగా ఉబ్బి కూర్చున్న పెట్ట. ఊళ్లో ఇంత గోల జరుగుతున్నా దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు.

జులై 11 రాత్రి పది గంటల ప్రాంతంలో స్కైలాబ్ పడింది. హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ అనే ఊరి చుట్టుపక్కల కొంత. ఎవరికీ గీత కూడా పడలేదు. అక్కడి స్థానిక సంస్థ వాళ్లు మా నేల మీద చెత్త వేశారంటూ అమెరికాకి 400 డాలర్ల జరిమానా రాశారు. ఆ ఊరి పదిహేడేళ్ల కుర్రాడొకడు ముక్కలు ఏరుకుని విమానమెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, ఓ పత్రిక ప్రకటించిన 10 వేల డాలర్ల బహుమతి తెచ్చుకున్నాడు. మా ఊళ్లో ఏమైందంటారా, మర్నాడు పొద్దున కోడి కుయ్యలేదు. కుయ్యడానికి మిగిలితేగా! జనం ఎండెక్కాక లేచి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వారం తిరిగేసరికి మా పెట్ట తొమ్మిది పిల్లల్ని దింపింది. వీధంతా మా గుమ్మంలోకే వచ్చి "మాకో జత ఇవ్వమ్మా" అని అడిగేవాళ్లు. నాయనమ్మ ఎవరినీ ఒక్క మాట అనకుండా, పిల్లలు కాస్త ఎదిగాక పంచిపెట్టింది. కానీ పక్కింటాయన గేదె తిరిగి రాలేదు. కొన్నవాడు ఎందుకిస్తాడు?

మీ 70 సెంట్ల సంగతి చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ గేదె. మీవారితో నా మాటగా చెప్పండి, దేని మీదా సంతకం పెట్టొద్దు. లోకం మునుగుతుందని చెప్పేవాడే లోకం మిగిలాక ఉండటానికి ప్లాటు అమ్ముతుంటే, ఆ నంబరుకి ఫోన్ చెయ్యాల్సిన పని లేదు.

ఇలా చోటు వెతుక్కోవడం మన దగ్గరే కాదు. 2012 డిసెంబరు 21న యుగాంతమన్నప్పుడు ఫ్రాన్స్‌లో బుగరాష్ అనే పల్లెకి ఎక్కడలేని పేరొచ్చింది. ఉండేది రెండు వందల మంది. పక్కన 1,230 మీటర్ల కొండ. ఆ కొండ పైపొరల రాయి కిందిపొరల రాయికన్నా పాతది, అందుకని దాన్ని తలకిందుల కొండ అంటారు. ఆ వింతకి కథలు అల్లుకుని, ఆ రోజు కొండలోంచి గ్రహాంతరవాసుల నౌక బయటికొచ్చి అక్కడున్నవాళ్లని ఎక్కించుకుపోతుందని ప్రచారం చేశారు. ప్రభుత్వం భయపడి పోలీసుల్ని దింపి కొండ దారి మూసేసింది. తీరా చూస్తే భక్తులకన్నా విలేకరులే ఎక్కువ వచ్చారు. టర్కీలో షిరిన్జె అనే కొండపల్లె సంగతీ అంతే, అక్కడ మంచి శక్తి ఉంది కాబట్టి ఏమీ కాదన్నారు. సెర్బియాలో రతాన్ అనే కొండ పిరమిడ్‌లా ఉంటుంది కనుక కాపాడుతుందన్నారు. డిసెంబరు 22 తెల్లారాక మూడు చోట్లా ఎప్పటిలాగే చలి వేసింది.

ఆ తేదీ ఎక్కడిదనుకున్నారు? మాయా జాతి వాళ్ల పంచాంగంలో ఒక పెద్ద చుట్టు, 5,125 ఏళ్లది, ఆ రోజుతో పూర్తయింది. మనకిది అర్థంకాని సంగతేమీ కాదు. ప్రభవతో మొదలై అక్షయతో అరవై ఏళ్లు అయిపోతాయి. అక్షయ వెళ్లిపోయాక ఏం వస్తుంది? మళ్లీ ప్రభవే. 1987 ఉగాదికి అలాగే వచ్చింది, మనం పచ్చడి తిన్నాం. మాయా వాళ్లు చెక్కించిన పాలెంకే శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా ఉంది. లోకం 2012తో సరి అనుకున్నవాళ్లు ఆ తేదీ ఎందుకు చెక్కుతారు? గ్వాటెమాలాలో, మెక్సికోలో మాయా ప్రజలు ఈరోజుకీ ఉన్నారు, మొక్కజొన్న పండించుకుంటూ.

మా అమ్మ 1962 సంగతి చెప్పేది. ఆ ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి. ఎనిమిది గ్రహాలూ మకరరాశిలో కలుస్తున్నాయి, ప్రళయమే అన్నారు. దేశమంతా హోమాలు, అఖండ భజనలు. పెళ్లిళ్లు వాయిదా వేశారు. అదే నెల మూడో వారంలో సాధారణ ఎన్నికలు మొదలైతే, ఆ జనమే వరసలో నిలబడి ఓట్లేశారు.

బ్రహ్మంగారి మాట మీద మీ మామయ్యగారితో వాదన పెట్టుకోకండి. నాకూ ఆయనంటే గౌరవమే. కందిమల్లాయపల్లెకి రెండుసార్లు వెళ్లాను. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడనీ, కృష్ణమ్మ పొంగి బెజవాడ దుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందనీ చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్లం. అయితే ఫోన్లో తిరిగేవన్నీ కాలజ్ఞానం కాదు. పడవ మునిగితే బ్రహ్మంగారు చెప్పారంటారు, వైరస్ వస్తే బ్రహ్మంగారు చెప్పారంటారు, ఎప్పుడూ జరిగాకే. అపోఫిస్ పేరు చెప్పి 2029 ఏప్రిల్ 13 అని వేసింది ఆయన కాదు, ఆ వీడియో చేసినవాడు. ఈ తేడా మాత్రం మెల్లగా, కోపం లేకుండా, కాఫీ ఇచ్చేటప్పుడు చెప్పండి.

ఇక నల్లమల. ఆ అడవిలో చాలా భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. అక్కడ స్థలం మనకి ఎవరూ అమ్మలేరు. అడవి బయట అమ్మేవి ఉంటాయి, అవి ఎవరివో, ఏ కాగితాల మీద ఉన్నాయో ఎవరు చూశారు? పోనీ సముద్రానికి దూరంగా ఉంటే నీళ్ల భయం లేదా? 2009 అక్టోబరులో కర్నూలు పట్నం మునిగింది. సముద్రం అక్కడికి ఎంత దూరమో మీకు తెలుసు. తుంగభద్ర, హంద్రీ చాలాయి. ఎక్కడికి వెళ్లినా అక్కడి గండం అక్కడ ఉంటుంది. పుట్టిన ఊళ్లో అయితే ఆ గండం ఎటునుంచి వస్తుందో, ఎప్పుడొస్తుందో మనకి తెలిసి ఉంటుంది.

మీ అత్తగారు గాలి చూసుకుంటానంది అందుకే. మీ ప్రశ్నకి అసలు జవాబు ఆవిడ దగ్గరే ఉంది.

1977 నవంబరు 19. దివిసీమలో ఆ తేదీకి యుగాంతమని ఎవరూ జోస్యం చెప్పలేదు. ఆ రోజు మాత్రం మీ ఊళ్లకి ఊళ్లే పోయాయి, పది వేల మందికి పైగా చనిపోయారని చెప్తారు. అప్పుడు వెళ్లడానికి ఎత్తయిన చోటు లేదు, సమయానికి చెప్పే గొంతు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. మచిలీపట్నంలో వాతావరణ శాఖ రాడార్ తుపాను కన్నెక్కడుందో చూస్తూ ఉంటుంది. మూడు రోజుల ముందు నుంచే హెచ్చరికలు మొదలవుతాయి. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. మన కోస్తా పొడుగునా స్తంభాల మీద లేపిన తుపాను షెల్టర్లు కట్టారు. వాటి విలువ తెలియాలంటే ఒడిశా చూడండి. 1999 సూపర్ సైక్లోన్‌లో అక్కడ పది వేల మంది దాకా పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. తుపాను మారలేదు, జనం ముందే కదిలారు.

దాచుకోవడం గురించి నిజంగా బుర్రపెట్టినవాళ్లు చేసేది ఇలాంటి పనే. నార్వేలో స్వాల్‌బార్డ్ అనే మంచు దీవుల్లో 2008 నుంచి ఓ విత్తనాల ఖజానా ఉంది. చాలా మంది దాన్ని ప్రళయపు ఖజానా అంటారు. మన పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి కూడా జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు అక్కడికి వెళ్లాయి. దాన్ని మొదటిసారి తెరిచి విత్తనాలు వెనక్కి తీసుకున్నది 2015లో, సిరియాలో యుద్ధం వల్ల అక్కడి విత్తన నిధి పరిశోధకులకి అందకుండా పోయినప్పుడు. నాకిది చదివినప్పుడల్లా మా నాయనమ్మ తట్ట గుర్తొస్తుంది.

కాబట్టి ఎక్కడికి వెళ్లాలంటే, మీ ఊరి షెల్టర్‌కి. ఏప్రిల్ 13 కోసం కాదు, అక్టోబరు, నవంబరు నెలల కోసం. వచ్చే ఆదివారం మీ అబ్బాయిని వెంటబెట్టుకుని ఇంటి నుంచి అక్కడిదాకా నడవండి. ఎన్ని నిమిషాలు పట్టిందో వాడి చేత రాయించండి. మీ అత్తగారి నడకతో అయితే ఎన్ని నిమిషాలో ఇంకోసారి రాయించండి. వాడు కనుక్కున్న లెక్క వాడికి మీ ఓదార్పు మాటలకన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది, పిల్లలు అంతే. పొలం పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, అత్తగారి బీపీ మాత్రలు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకోండి. టార్చిలైటూ, కాస్త అటుకులూ బెల్లమూ. గేదెలుంటే పలుపు విప్పి వదలడం మర్చిపోవద్దు, కట్టేసి వెళ్తే అవి కొట్టం లోనే పోతాయి. 112 నంబరు, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 గోడ మీద పెద్దక్షరాలతో రాయండి.

మీ అత్తగారి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. ఉప్పెన రాత్రి నీళ్లు ఎటునుంచి వచ్చాయి, ఎంత ఎత్తు దాకా వచ్చాయి, ఎవరు దేన్ని పట్టుకుని బతికారు, ఆవిడ చెప్తానంటేనే అడగండి. చెప్పకపోతే బలవంతం చెయ్యొద్దు. మీ చిన్నమామయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టండి.

ఆయన గురించి నేను ఎక్కువ ఆలోచించాను. లైన్‌మన్ అన్నారు. గాలివాన వెలిశాక అందరికన్నా ముందు బయటికి వెళ్లేది లైన్‌మన్. వంగిపోయిన స్తంభం ఎక్కి, తెగిపడిన తీగ చుట్టి, ఊరికి వెలుగు తెచ్చిన మనిషి ఆయన. ఆయన పిరికివాడు కాదమ్మా. భార్య పోయింది, ఉద్యోగం అయిపోయింది, పిలిచేవాళ్లు లేరు. ఆ ఫోన్ మాత్రం రోజూ పిలుస్తోంది, ప్రమాదం వస్తోంది, నువ్వే అందరినీ కాపాడాలి అని. ఆయనకి కావలసిన మాట అది. ఆ మాటే మీరు అనండి, అబద్ధం ఏమీ లేదు అందులో. తుపాను వస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరఫరా ఆపించాలో, ఏ స్తంభం మొదట ఒరుగుతుందో, ఏ తీగ ఎవరి ఇంటి మీద పడుతుందో మీ ఊళ్లో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరెవరు, నడవలేనివాళ్లు ఎవరు, వాళ్లని ఏ బండి మీద తేవాలి, ఓ నోటుపుస్తకం ఇచ్చి ఆయన చేత రాయించండి. మీ అబ్బాయిని ఆయన వెంట పంపండి. భోజనం మాత్రం ఆయన గదికి పంపకండి, మీ అందరితో కలిసి తిననివ్వండి.

మొదటి పనిగా ఒకటి అడగండి. షెల్టర్ ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, ఆ మనిషి ఊళ్లో లేనప్పుడు ఎవరికి ఇచ్చి వెళ్తాడో, రేపు పొద్దున్నే కనుక్కుని రమ్మనండి.